అప్పు తగ్గుతోంది, మాటలే ఆగిపోయాయి

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 35 ఏళ్లు, మావారికి 39. బాబు ఆరో తరగతి. రెండేళ్ల క్రితం మావారి టిఫిన్ సెంటర్ మూతపడేనాటికి అప్పులు 9 లక్షలు. షాపు సామాన్లు, నా గొలుసు అమ్మి కొంత కట్టాం. ఇప్పుడు ఆయన పార్సిల్ గోడౌన్‌లో 22,000కి, నేను బట్టల షాపులో బిల్లింగ్ దగ్గర 15,000కి చేస్తున్నాం. ఇంకా 5,10,000 ఉంది. బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి 2 లక్షలు, బ్యాంకు లోన్ 2,10,000, క్రెడిట్ కార్డు లక్ష. అద్దె, కిస్తీలు, వడ్డీలు పోగా ఇంటికి పదివేలు మిగిలితే గొప్ప. రెండేళ్లుగా చికెన్ వండలేదు. ప్రతి రూపాయి లెక్కా నేనే రాస్తాను. ఈమధ్య ఆయన ఫోన్ చూస్తే లోన్ యాప్‌లో 10,000 తీసుకున్నట్టు తెలిసింది. వాళ్లన్న కూతురి పెళ్లికి చదివింపుల కోసమట. పెద్ద గొడవైంది. మూడు వారాలుగా మా మధ్య మాటల్లేవు. మొన్న రాత్రి "నేను లేకపోతేనే మీరిద్దరూ బాగుంటారేమో" అన్నారు. షాపు మూసినప్పటి నుంచి ఆయన ఇంట్లో దోసె పెనం కూడా ముట్టలేదు. మా అమ్మ పెట్టిన నాలుగు గాజులు మిగిలాయి. అవి కూడా తాకట్టు పెట్టేయమంటారా?
— ఒక సోదరి

జవాబు: అమ్మా, గాజుల సంగతి తర్వాత. ముందు మొన్న రాత్రి మాట సంగతి చూద్దాం.

"నేను లేకపోతేనే బాగుంటారు" అన్నది కోపంలో జారిన మాటే కావచ్చు. అయినా అలా అనుకుని ఊరుకోవద్దు. ఈ రాత్రి బాబు పడుకున్నాక పక్కన కూర్చుని సూటిగా అడగండి: "ఆ రోజు అలా అన్నారు, చచ్చిపోవాలనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా ఏమీ జరగదు. ఒకరు అడిగారన్న ఊరటకే చాలామంది మనసు విప్పి చెబుతారు. ఆయన అవునన్నా, తల దించుకుని మాట్లాడకపోయినా ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు. మీ ఊళ్లోనే ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది. తీసుకెళ్లడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక ఆ పదివేలు. మీ కోపంలో న్యాయం ఉంది. అప్పులోంచి పైకి వస్తున్నప్పుడు చాటుగా ఇంకో అప్పు చేయడం తప్పే. కానీ ఆయన ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టారో చూడండి. తాగలేదు, పేకాడలేదు. అన్న కూతురి పెళ్లిలో పదిమంది ముందు ఉత్త చేతులతో నిలబడలేకపోయారు. సొంత షాపులో తన గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడికి అది చిన్న విషయం కాదు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ అప్పు కాదు. మిమ్మల్ని అడగడం కంటే ముక్కూమొహం తెలియని యాప్‌ను అడగడమే ఆయనకు తేలికనిపించింది. మీ ఇంట్లో మీరు భార్యగా కంటే కలెక్షన్ ఏజెంటులా మారిపోయారేమో ఒకసారి ఆలోచించండి. కటువుగా ఉందని తెలుసు. ఇది మీ తప్పని కూడా అనను. ఎవరో ఒకరు లెక్క చూడాల్సి వచ్చింది, మీరు చూశారు. రెండేళ్లలో 3,90,000 తీరిందంటే అందులో మీ గట్టితనం చాలా ఉంది.

యాప్ వాళ్ల ఫోన్లకు భయపడొద్దు. ఉదయం 8 లోపు, రాత్రి 7 దాటాక వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. బంధువులకు ఫోన్లు చేసి పరువు తీయడమూ కుదరదు. ఆ యాప్ వెనకున్న ఫైనాన్స్ సంస్థకు ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు, వివరాలకు 14448. ఫొటోలు మార్చి బెదిరిస్తే మాత్రం ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇప్పుడు గాజులు. మీ లెక్కలో ఒక చిక్కుంది. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతమనుకుంటే ఏడాదికి 42, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. అంటే వాకిట్లోకి వచ్చి నిలబడే ఆసామి కంటే మెయిల్‌లో స్టేట్‌మెంట్ పంపే బ్యాంకే ఎక్కువ పిండుతోంది. మనం మాత్రం వాకిట్లోకి వచ్చేవాడికే ముందు కడతాం, పరువు కదా! కార్డుకు మినిమమ్ 5,000 కడుతున్నారనుకోండి, అందులో అసలుకు పోయేది 900 కూడా ఉండదు.

అందుకే ఈ రెండు వడ్డీలూ తగ్గించుకోవాలి. గాజులు మాత్రం అమ్మొద్దు. మీ ఇద్దరికీ ఇష్టమైతే బ్యాంకులో పెట్టండి. బంగారం మీద బ్యాంకు అప్పు చాలాచోట్ల రూపాయి వడ్డీ లోపే దొరుకుతుంది. ఆ డబ్బు చేతికొచ్చిన రోజే బయటి 2 లక్షలు తీర్చేయండి. సాయంత్రం దాకా ఆగితే అందులోంచి పదివేలు ఇంకో అవసరానికి పోతాయి, నేను చూసినవే చెబుతున్నాను. నెలకు 6,000 వడ్డీ కట్టే చోట సుమారు 2,000 అవుతుంది. మిగిలిన 4,000 కార్డుకు మళ్లించండి. కార్డు మళ్లీ గీకకుండా నెలకు 9,000 కడితే ఆ లక్ష ఏడాదిన్నర లోపే తీరుతుంది. గాజుల వడ్డీ 2,000 మాత్రం నెలనెలా పక్కన పెట్టాలి. గడువుకు వడ్డీ కట్టి తిరగరాయించుకోకపోతే వేలం వేస్తారు. మీ అమ్మగారి గాజులకు ఆ గతి పట్టకూడదు.

అన్నట్టు, ఇంతకుముందు కట్టిన అసలుకు ప్రామిసరీ నోటు వెనక చెల్లు రాయించుకున్నారా? మొత్తం తీర్చిన రోజున అసలు నోటు చేతికి తీసుకోకుండా ఇంటికి రావద్దు. "రేపు వెతికిస్తానమ్మా" అంటే అక్కడే కూర్చోండి.

ఈ లెక్కంతా మీవారి చేత వేయించండి. టిఫిన్ సెంటర్ నడిపిన మనిషికి వడ్డీ లెక్క రాకపోదు. మీరు పుస్తకం లాక్కున్నాక ఆయనకు వేసే అవసరమే రాలేదు. ఒక నెల ఆయన, ఒక నెల మీరు రాయండి. జీతాలు పడ్డాక ఐదో తారీఖు సాయంత్రం అరగంట డబ్బు మాట్లాడుకోండి. మిగతా రోజుల్లో అన్నం దగ్గర కిస్తీల ఊసు ఎత్తకూడదు. ఇద్దరికీ చెరో 300 చేతి ఖర్చు, దానికి లెక్క అడగొద్దు. ఆయన టీ తాగుతారో, మీరు పూలు కొనుక్కుంటారో ఎవరిష్టం వారిది.

మా చిన్నప్పుడు పొగాకు ధర పడిపోయిన ఏడాది మా ఇంటికీ అప్పు చుట్టుకుంది. వంటింటి గోడకు ఒక ఇనుప చువ్వ ఉండేది. నాన్న కట్టి తెచ్చిన ప్రతి రసీదునీ అమ్మ దానికి గుచ్చేది. ఇంకా ఎంత ఉందో మాకు ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఆ కాగితాల కట్ట లావెక్కుతుంటే పిల్లలం మాకే ధైర్యంగా ఉండేది. మీరు రెండేళ్లుగా మిగిలింది మాత్రమే లెక్కపెడుతున్నారు. మీ అబ్బాయి లెక్కల నోట్సులోంచి గళ్ల కాగితం చింపి 90 గళ్లు గీయండి, ఒక్కోటి 10,000. తీరిన 39 గళ్లు ఆయన చేతే కొట్టేయించండి. ఒక్కో గడి కొట్టేటప్పుడు అది ఏ డబ్బో గుర్తు చేసుకోండి: గ్రైండర్ అమ్మింది, మీ గొలుసు, ఆయన గోడౌన్‌లో ఓటీ చేసింది. యాప్ పదివేలకు అడుగున ఇంకో గడి. దాన్ని కూడా ఆయనే గీయాలి, మీరు ఒక్క మాట కూడా అనకూడదు. బాబును పక్కన కూర్చోబెట్టుకోండి. పదకొండేళ్ల పిల్లాడికి మీరు దాస్తున్నారని ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది.

రెండేళ్లు చికెన్ మానేయడం నాకు నచ్చలేదు. అరకిలో చికెన్ మానేస్తే అప్పు తీరిపోదు. ఒక గడి కొట్టేసిన వారం, ఆదివారం నాడు వండుకోండి. దోసెల సంగతి మాత్రం ఆయన్ని బలవంతం చేయకండి. పిండి రుబ్బి పెట్టండి. మీరే పోసుకోండి, అంచులు మాడినా ఫర్వాలేదు. మాడిన దోసె చూస్తూ ఎంతసేపు కూర్చోగలరో ఆయనే తేల్చుకుంటారు.

బంధువుల శుభకార్యాలకు వెళ్లడం మానొద్దు. 516 చాలు, కవరు మీద ఇద్దరి పేర్లూ రాయండి. ముందురోజే వెళ్లి పనుల్లో చెయ్యి వేయండి. కానీ "నువ్వు వంటల దగ్గర ఉండరా" అని పురమాయించే ఇంట్లో మాత్రం ఆయన్ని నిలబెట్టకండి. అక్కడ ఆయన తరఫున మీరే "మేం భోజనానికొచ్చాం వదినా" అని నవ్వుతూ చెప్పేయండి.