క్రషర్ దుమ్ముతో ఇంటి ధర పడిపోతే పరిహారం అడగొచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివారు. 2019లో స్థలం చవగ్గా వస్తే అప్పు చేసి ఇల్లు కట్టుకున్నాం. అర కిలోమీటరు దూరంలో ఉన్న కంకర క్రషర్ ఏడాదిగా రాత్రిళ్లూ నడుస్తోంది. పైపోర్షన్‌లో అద్దెకున్నవాళ్ల పాపకి ఆయాసం. ఇల్లు అమ్ముదామంటే వచ్చినవాళ్లు కిటికీ మీద వేలితో రాసి చూసి వెళ్లిపోతున్నారు. ధరలో నష్టం రాబట్టుకోవచ్చా?

జవాబు: అడగొచ్చు, కానీ ధరతో మొదలుపెట్టకండి. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం (2010) రెండో షెడ్యూలులో 'ప్రైవేటు ఆస్తికి నష్టం' ఉంది, వైద్య ఖర్చులు ఉన్నాయి. మార్కెట్ ధర తగ్గుదల అని విడిగా లేదు. పైగా అవతలి వకీలు మీ సేల్ డీడ్ తీసి, 'క్రషర్ ఉండబట్టే చవగ్గా వచ్చిందిగా' అంటాడు. అందులో కొంత నిజముంది. మనలాంటివాళ్లకి అందే ధరలో స్థలం దొరికేది దుమ్ము పక్కనే.

అయితే ముందునుంచీ ఉన్నంత మాత్రాన షరతులు తప్పే హక్కు క్రషర్‌కి రాదు. మీరు వచ్చాక పెరిగిన దుమ్మే మీ కేసు. క్రషర్ నడపడానికి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన కన్సెంట్ (అనుమతి) కాపీ ఆర్టీఐలో తెప్పించండి. పని వేళల మీద షరతు ఉందేమో చూడండి. క్రషర్‌కి 40 మీటర్ల దూరంలో దాని వల్ల గాలిలో చేరే ధూళి ఘనపు మీటరుకి 600 మైక్రోగ్రాముల లోపే ఉండాలి. గాలికి అడ్డుగోడ, లోపల గట్టి రోడ్డు, దాని మీద నీళ్లు చల్లడం, చుట్టూ చెట్లు తప్పనిసరి. గోడ లేకపోతే రోడ్డు మీంచే ఫోటో తీయొచ్చు. వీటితో మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు దాచుకోండి.

మీ కేసులో నాకు టెన్షన్ పెట్టేది గడువు. ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ (పర్యావరణ వివాదాలు) కింద సమస్య మొదట తలెత్తిన ఆరు నెలల్లోపు రావాలి, కారణం చూపిస్తే మరో 60 రోజులు. మీకు ఏడాది దాటింది. రోజూ జరుగుతున్న కాలుష్యమని వాదించొచ్చు గానీ, దాన్నే నమ్ముకోవద్దు. పరిహారానికి 15వ సెక్షన్‌లో ఐదేళ్లుంది, దాని కిందే వేయండి. ఈ పరిహారం సివిల్ కోర్టు వినదు. చెన్నైలోని ట్రిబ్యునల్ దక్షిణ బెంచికే వెళ్లాలి.

పైపోర్షన్‌వాళ్లనీ కలుపుకోండి. బాధితులు ఎవరైనా దరఖాస్తు చేయొచ్చు, ఇల్లు సొంతం కానక్కర్లేదు. పాప మందుల చీటీలు మీ ఇంటి ధర కంటే గట్టి సాక్ష్యం. (దుమ్ము తగ్గాక అద్దె పెంచి వాళ్లనే ఖాళీ చేయించకండి మరి!) ఫీజు అడిగిన పరిహారంలో ఒక శాతం, కనీసం వెయ్యి రూపాయలు. కాబట్టి బ్రోకర్ నోటిమాట అంకె వేయకండి. రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత లెక్క కట్టించి, అదే అడగండి.