మరుగుజ్జు కుందేళ్ల జంటకు పుట్టిన పిల్లల్లో కొన్ని ఎందుకు చనిపోతాయి? హార్మోన్ లోపమా?

మూలం జన్యువులోనే ఉంది. హెచ్ఎంజీఏ2 అనే జన్యువులో సుమారు 12,100 డీఎన్ఏ అక్షరాల ముక్క ఊడిపోవడమే ఈ మరుగుజ్జుతనానికి కారణమని 2017లో తేలింది. ఈ లోపం తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే వస్తే కుందేలు చిన్నగా, ఆరోగ్యంగా ఉంటుంది. ఇద్దరి నుంచీ వస్తే పిల్ల మామూలు బరువులో మూడో వంతుతో, ఉబ్బిన తలతో పుట్టి కొద్ది రోజులకే చనిపోతుంది. ఇద్దరూ మరుగుజ్జులైతే ప్రతి పిల్లకూ ఆ ప్రమాదం 25 శాతం. పాలు సరిగ్గా పట్టలేదని పెంచేవాళ్లు బాధపడతారు గానీ, తప్పు వాళ్లది కాదు.

ఇక హార్మోన్ సంగతి. పొట్టిగా ఉంటే పిట్యూటరీ గ్రంథి గ్రోత్ హార్మోన్ తక్కువ ఇస్తోందని అనుకోవడం సహజం. కానీ ఇదే జన్యువు దెబ్బతిన్న మరుగుజ్జు ఎలుకల్లో ఆ హార్మోన్ మామూలుగానే ఉంటుంది! హెచ్ఎంజీఏ2 పిండం ఎదిగేటప్పుడు కణాలు వేగంగా విభజన చెందడానికి తోడ్పడుతుంది. అది లేని కుందేలు పిండాల్లో, ఇన్సులిన్ లాంటి వృద్ధి కారకం ఐజీఎఫ్2 తయారీతో సంబంధమున్న మరో జన్యువు పని బాగా తగ్గిపోతుంది. అంటే ఎదుగుదల గర్భంలోనే కుంటుపడుతుంది.

పెంపకందారులు ఒక మరుగుజ్జును మామూలు జన్యువులున్న కుందేలుతో జత చేస్తే ఈ చావులు ఉండవు.