సమాధానం: చర్చి కంపెనీ అపార్ట్‌మెంట్ మనకు ఇస్తారా?

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో, సిటీ క్రీక్ అనే మాల్ ఉన్న చోట ఫ్లాట్ నచ్చింది, కానీ అది మోర్మన్ చర్చి (ఒక క్రైస్తవ శాఖ) కంపెనీది కాబట్టి హిందువులమని కాదంటారేమోనని అడిగారు. ఆ టెన్షన్ అసలు వద్దండీ. 1968 నాటి అమెరికా ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం మతం చూసి ఇల్లు కాదనకూడదు. మత సంస్థలకు మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ వ్యాపారంగా అద్దెకిచ్చే ఇళ్లకు అది వర్తించదు. అప్లికేషన్‌లో మతం రాయాల్సిన పనే లేదు. వాళ్లు మామూలుగా చూసేది జీతం, క్రెడిట్ స్కోరు. ఇండియా నుంచి కొత్తగా వస్తున్నారు కాబట్టి అక్కడి స్కోరు ఉండదు, అసలు చిక్కు అక్కడే. ఆఫర్ లెటర్ చూపించి, డిపాజిట్ ఎక్కువ కడితే ఒప్పుకుంటారేమో ముందే అడగండి. పార్కింగ్ అద్దెలో కలిసిందో లేదో కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

ఒక్కటి, కింద మాల్‌లో షాపులు ఆదివారం మూసేస్తారు. సరుకులు శనివారమే తెచ్చుకోండి.