బాపమ్మ గురించి రాయాలంటే అత్తయ్యను అడగాల్సిందే

ప్రశ్న: మాది దేవరకొండ. టీచర్‌ని, 41 ఏళ్లు. నన్ను పెంచిన మా బాపమ్మ ఏడు నెలల కింద, 93 ఏళ్ల వయసులో పోయింది. "దేవరకొండల ఆంధ్రమహాసభ అయిన ఏడు పుట్టిన" అని చెప్పుకునేది. బడికి పోలేదు. వాళ్ల నాయన ఇంట్లో దిద్దించిన అక్షరాలతోనే చివరిదాకా చదివింది. చింతపండు గింజలు తీస్తూ కూడా పక్కన పుస్తకం ఉండాల్సిందే. పేజీ గుర్తుకు తలపిన్ను పెట్టేది. సంవత్సరీకానికి ఆమె జీవితం మీద చిన్న పుస్తకం వేద్దామని అంటే మేనత్తకు కోపం వచ్చింది. "మీకు బాపమ్మ గొప్పది. 69 ఉద్యమంల బడులు మూతపడితే ఏడో తరగతిల ఆగిపోయిన నన్ను మళ్ల పంపలే. ఇంట్ల ఇన్ని పుస్తకాలు పెట్టుకొని బిడ్డను చదివియ్యలే. అది గూడ రాస్తవా?" అని ఫోన్ పెట్టేసింది. అప్పటి నుంచి మాటల్లేవు. ఇల్లు అమ్మాలి కాబట్టి పుస్తకాలు కిలోల లెక్కన వేసేద్దామంటాడు చిన్నాన్న. నేను ఏడిస్తే "నిండు జీవితం బతికింది, ఇంకా ఎందుకేడుస్తవు" అంటారు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: ముందు ఏడుపు సంగతి చూద్దాం. నిండు జీవితం అనేది పోయినావిడ లెక్క. మిగిలినవాళ్ల లెక్క వేరు. నలభై ఏళ్లు కళ్లముందు తిరిగిన మనిషి పోతే ఇంట్లో ఖాళీ అయ్యే చోట్లు కూడా ఎక్కువే ఉంటాయి. ఏడుపొస్తే ఏడవండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. తిండి, నిద్ర, బడికి వెళ్లడం కుంటుపడుతుంటే మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక అసలు సంగతి అత్తయ్యది. ఆవిడ పుస్తకం వద్దనలేదు, "అది గూడ రాస్తవా?" అని అడిగింది. దానికి మీ దగ్గర్నుంచి ఇంకా జవాబు వెళ్లలేదు. "రాస్తా అత్తయ్యా, నువ్వే చెప్పు, నేను రాసుకుంటా" అనండి. ఫోన్లో వద్దు, ఇంటికి వెళ్లండి. "ఆ రోజులే అట్లాంటివి" అన్న మాట మాత్రం నోట్లోంచి రానీయొద్దు. యాభై ఏళ్లుగా ఆవిడ వింటున్నది అదే.

బాపమ్మ పక్షాన వాదించాలని మీకు అనిపిస్తుంది, సహజం. దేవరకొండలో ఆంధ్రమహాసభ జరిగింది 1931లో. ఆమె ఆ ఏడు పుట్టిందంటే నిజాం పాలన. బడి చదువు ఉర్దూలో, ఆడపిల్లకు అదీ అరుదు. తనలాగే బిడ్డ కూడా ఇంట్లో కూర్చుని చదువుకోగలదనుకుందో, ఆ ఇంట్లో ఆమె మాట చెల్లలేదో. 1969 తెలంగాణ ఉద్యమంలో నెలల తరబడి బడులు నడవలేదు, ఆ సందులో ఆగిపోయిన ఆడపిల్ల చదువు గురించి ఎవరు నిర్ణయించారు? ఇది మీకూ తెలీదు, నాకూ తెలీదు. తెలిసే అవకాశం ఉన్నది అత్తయ్యకే. ఒకవేళ తేలకపోతే తేలలేదనే రాయండి. బాపమ్మ పుస్తకాల ప్రేమ, అత్తయ్య ఆగిన చదువు పక్కపక్కనే ఉండనీయండి. ఒకదానికోసం ఇంకోటి తీసేస్తే మిగిలేది సన్మానపత్రం. అటువంటివి మన ఇళ్లలో దండిగానే ఉన్నాయి.

నాన్నగారిని, మిగతావాళ్లను అడిగేటప్పుడు ఏ సంవత్సరం అని అడిగితే ఎవరికీ గుర్తురాదు. పోలీసు చర్య నాటికి, అంటే 1948 సెప్టెంబరులో, ఆమెకు పదిహేడేళ్లు. అప్పటికి పెళ్లయిందా? రజాకార్ల భయంలో ఎక్కడ తలదాచుకున్నారని చెప్పేది? సాగర్ కట్టేటప్పుడు ఇంట్లో ఎంతమంది పిల్లలు? మొదటి పుస్తకం ఎవరు తెచ్చిచ్చారు, ఎవరైనా వస్తే దాచేదా? ఇట్లా అడిగితే ఒకరి మాటకు ఇంకొకరు అడ్డుపడతారు. పడనీయండి, ఇద్దరి మాటా రాసుకోండి.

చిన్నాన్న మీద కోపం పెట్టుకోకండి, ఇల్లు అమ్మేవాడి తొందర ఆయనది. ఒక ఆదివారం గడువు అడగండి. పుస్తకాలు ఎండలో పరచకుండా నీడలో ఆరబెట్టి, మెత్తటి బ్రష్‌తో దులపండి. తలపిన్నులు ఈపాటికి తుప్పు పట్టి ఉంటాయి, కాగితాన్ని తినేస్తాయి. తీసేయాల్సిందే, కానీ ముందు ఆ పేజీని ఫోటో తీసుకోండి. ఆవిడ ఎక్కడ ఆగిందో చెప్పేది అదొక్కటే. వెనక అట్టలు కూడా చూడండి. పాల లెక్క, కూలీ లెక్క వంటివి అక్కడే రాసేవాళ్లు అప్పట్లో. వారపత్రికల్లోంచి సీరియళ్లు చింపి కుట్టించిన బైండ్లు ఉంటే వాటిని తూకానికి వేయనీయకండి. మామూలు పుస్తకం మళ్లీ కొనుక్కోవచ్చేమో, అవి దొరకవు. మిగిలినవాటిని మీ బడి లైబ్రరీకో, నల్గొండ జిల్లా గ్రంథాలయానికో ఇవ్వొచ్చు. చెదలు పట్టినవి తీసుకోరు, ముందే కనుక్కుని వెళ్లండి.

పంచుకునేటప్పుడు మొదట ఎంచుకునేది అత్తయ్య. వద్దంటే బలవంతపెట్టకండి, ఒక కట్ట పక్కన ఉంచండి. సంవత్సరీకానికి పుస్తకం అచ్చు కాకపోయినా కొంపలేం మునగవు, పాతిక జిరాక్స్ పేజీలు కుట్టినా చాలు. ప్రెస్సుకు పంపేముందు 1969 భాగం మాత్రం అత్తయ్యకు చదివి వినిపించండి. ఆవిడ కొట్టేయమన్న వాక్యం ఉంటే కొట్టేయండి.