తాళాల చప్పుడికే ఎందుకలా అయిపోతుంది?

ప్రశ్న: మేడమ్, మాకు పెళ్లై ఆరేళ్లు. నేను ఆఫీసు నుంచి వచ్చి తాళాలు టేబుల్ మీద కాస్త గట్టిగా పడేస్తే చాలు, నా భార్య మాట్లాడుతున్న మాట మధ్యలోనే ఆపేసి లోపలి గదిలోకి వెళ్లిపోతుంది, వెళ్లి మడతపెట్టిన బట్టలే మళ్లీ విప్పి మడతపెడుతూ కూర్చుంటుంది. పిలిస్తే పలకదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న తాగొచ్చి కొట్టేవాడని, ఆయన తాళాలు పెట్టే చప్పుడుని బట్టే ఆ రాత్రి ఎలా గడుస్తుందో తెలిసిపోయేదని ఒక్కసారి చెప్పింది, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనైతే ఇంతవరకు తన మీద చెయ్యెత్తలేదు. నన్ను కూడా ఆయనలాగే చూస్తోందా అని బాధగా ఉంటోంది. అంతా బయటికి చెప్పేస్తే మనసు తేలికవుతుందని గుచ్చిగుచ్చి అడుగుతున్నా, అడిగేకొద్దీ ఇంకా బిగుసుకుపోతోంది. తనని ఒక్కదాన్నే థెరపీకి పంపాలా, ఇద్దరం వెళ్లాలా?

జవాబు: ముందు అడగడం ఆపేయండి. ఇవాళ్టి నుంచే. మీరు తన మంచికోరే అడుగుతున్నారు, అది నాకు తెలుస్తోంది, కానీ తనకి అది మళ్లీ ఎవరో నిలబెట్టి నిలదీస్తున్నట్టే ఉంటుంది.

ఆ చప్పుడు విన్నప్పుడు తను మీ గురించి ఏమీ అనుకోవట్లేదండీ, అనుకునేంత టైమే ఉండదు. మెదడులో అమిగ్డలా అని చిన్న భాగం ఉంది, ప్రమాదాన్ని పసిగట్టడం దాని పని, వచ్చింది ఎవరు, ఇది ఎవరిల్లు, ఏ సంవత్సరం అని అది చూడదు, చప్పుడు అలాంటిదేనా అంతే. గుండె దడ, చేతులు చల్లబడటం, నోరు పెగలకపోవడం అన్నీ అయిపోయాక అప్పుడు తీరిగ్గా వస్తుంది, ఈయన మా ఆయన కదా అన్న ఆలోచన. కాబట్టి అది మీ మీద తీర్పు కాదు. మీకు నొప్పి తగలడం మాత్రం నిజం, దాన్ని కాదనను, దానికి కూడా థెరపీలో చోటుంది.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపేసింది ఆ బట్టల సంగతి. చేతికి గుడ్డ తగలడం, అంచుకి అంచు కలపడం, ఒక మడత, ఇంకో మడత... ఎవరూ నేర్పకుండానే తను తన ఒంటిని శాంతపరుచుకుంటోంది. థెరపిస్టులు గ్రౌండింగ్ అని నేర్పించేవి చాలావరకు ఇలాంటివే. ఆ టైమ్‌లో వెనకాలే వెళ్లి ఏమైంది ఏమైంది అనొద్దు. "తాళాలు గట్టిగా పడ్డాయి, నీ మీద కోపం లేదు, నేను హాల్లో ఉంటా" అని మామూలు గొంతుతో చెప్పి నిజంగా హాల్లోనే ఉండండి. తాళాలు రేపట్నుంచి మెల్లగా పెట్టండి, తన కోసం మీరు తగ్గిపోతున్నట్టు కాదు, కాలు విరిగినవాళ్ల పక్కన మనం నెమ్మదిగా నడవమా, అలాగే.

గొడవల్లో కూడా ఇదే. భార్యాభర్తల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన జాన్ గాట్‌మన్ ఏమంటారంటే గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటివాళ్ల మాట బుర్రకెక్కదు, కనీసం 20 నిమిషాలు విడిగా ఉండాలి అని. దీనికి నేనొకటి కలుపుతా, వెళ్లేటప్పుడు ఎప్పుడు తిరిగొస్తారో చెప్పి వెళ్లండి, చెప్పిన టైముకి వచ్చేయండి. మాట ప్రకారం తిరిగొచ్చే మనిషిని తను చిన్నప్పుడు చూసి ఉండదు.

ఇక ఎవరు వెళ్లాలి అంటే, ఇప్పుడు ఇంట్లో కొట్టడం బెదిరించడం ఉంటే కపుల్ థెరపీ ముందు పెట్టకూడదు, అక్కడ మాట్లాడినదానికి ఇంటికొచ్చాక దెబ్బలు తినాల్సి రావచ్చు. మీ ఇంట్లో అది లేదంటున్నారు కాబట్టి తనకి విడిగా ఒకరు, ఇద్దరికీ కలిపి ఇంకొకరు అయితే బావుంటుంది. నిర్ణయం మాత్రం తనదే, "పంపాలా" అన్న మాటే కొంచెం మార్చుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల జబ్బుల జాబితా ఐసీడీ-11, 2022లో అమల్లోకి వచ్చింది, పీటీఎస్‌డీ అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసుని వదలకుండా పట్టుకునే జబ్బు, తరచు ఏళ్ల తరబడి హింస పడ్డవాళ్లలో కనిపించే కాంప్లెక్స్ పీటీఎస్‌డీని అందులో విడిగా గుర్తించారు, బంధాల్లో దగ్గరితనం నిలుపుకోలేకపోవడం దాని లక్షణాల్లో ఒకటి. తనకి అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, చూసి చెప్పాల్సింది డాక్టరో సైకాలజిస్టో. పీటీఎస్‌డీ ఉన్నట్టు తేలితే జంటని కలిపి కూర్చోబెట్టి చేసే సీబీసీటీ అనే 15 సెషన్ల పద్ధతి కూడా ఉంది. కపుల్ థెరపిస్టుని మొదటిరోజే అడగండి, మాలో ఒకరు మీకు విడిగా చెప్పింది రెండోవాళ్లకి చెప్తారా అని. ఈ సంగతి ముందే తేలకపోతే మధ్యలో చాలా గొడవవుతుంది.

ప్రశ్న: నేను ఒంటరిగా ఉంటాను. మొదటి సెషన్‌లోనే ఒక కౌన్సిలర్ చిన్నప్పటి లైంగిక వేధింపు మొత్తం వివరంగా చెప్పించారు. తర్వాత నాలుగు రోజులు నిద్ర లేదు, పీడకలలు. నాకే ధైర్యం చాలట్లేదా?

జవాబు: అమ్మా, ధైర్యం లేనిది మీకు కాదు, తొందర ఎక్కువైంది అక్కడ. సెషన్ తర్వాత ఒకటిరెండు రోజులు కలతగా ఉండటం మామూలే, కానీ మీ గురించి ఏమీ తెలియకుండా మొదటిరోజే అంతా తవ్వించడం ట్రామా, అంటే మనసుకి తగిలిన గాయం, దాని గురించి తెలిసినవాళ్ల పద్ధతి కాదు. ముందు నిద్ర, భయం వచ్చినప్పుడు తట్టుకునే మార్గాలు, ఎవర్ని పిలవాలి అన్నది, ఇవి కుదిరాక జ్ఞాపకం జోలికి. ఆ తర్వాత కూడా అన్ని వివరాలూ నోటితో చెప్పాలని లేదు, 1980లలో ఫ్రాన్సిన్ షపీరో అనే సైకాలజిస్టు తెచ్చిన ఈఎండీఆర్ అనే థెరపీలో అయితే జ్ఞాపకాన్ని మనసులో పెట్టుకుని పని చేస్తారు, పూసగుచ్చినట్టు చెప్పక్కర్లేదు. గుర్తులేనివి కూడా హిప్నాటిజంతో బయటికి తీస్తా అనేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లొద్దు, జరగనివి కూడా జరిగినట్టు జ్ఞాపకాలు ఏర్పడే ప్రమాదం ఉంది.

అదే కౌన్సిలర్ దగ్గరికి ఇంకోసారి వెళ్లాలనిపిస్తే కూర్చోగానే "పోయినసారి తర్వాత నాకు నిద్ర లేదు, ఇవాళ ఆ సంగతి వద్దు, చెయ్యి పైకెత్తితే ఆపేయాలి" అని చెప్పండి. ఆపితే ఆలోచించండి, సర్దిచెప్పి మళ్లీ అందులోకే లాగితే అక్కడే లేచి వచ్చేయండి. చనిపోవాలన్న ఆలోచనలు గానీ వస్తుంటే ఇవన్నీ పక్కనపెట్టి ఇవాళే దగ్గరివాళ్లని ఎవరినైనా తోడు తీసుకుని హాస్పిటల్‌కి వెళ్లండి.