టెక్ సందేహాలు: బ్రాండెడ్ వర్క్‌స్టేషనా, అసెంబుల్డ్ సిస్టమా?

ప్రశ్న: మాది తెనాలి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. కొత్త కెమెరా ఫైళ్లు వేస్తే పాత సిస్టం కదలడం లేదు. పెద్ద కంపెనీ వర్క్‌స్టేషన్ కొనమని బావ, అసెంబుల్ చేయిస్తే దాదాపు సగానికే వస్తుందని ఫ్రెండ్. ఏది మేలు?

జవాబు: అసెంబుల్డే తీసుకోండి. కాకపోతే షాపువాళ్లు ఇచ్చిన కొటేషన్‌లో ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ‘ఎఫ్’ ఉందేమో చూడండి. ఉంటే మార్చమనండి. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేని చిప్. కాస్త చవకని దాన్నే అంటగడుతుంటారు. గేమ్స్ ఆడేవాళ్లకి పర్లేదు. మీ పని వేరు. ఇప్పటి కెమెరాలు చాలావరకు 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీలో (రంగుల వివరాలు ఎక్కువగా ఉంచుతూ ఫైలును బాగా కుదించే పద్ధతి) రికార్డు చేయగలవు. ఆ ఫైలును విప్పే పనిని ఇంటెల్ 11వ తరం నుంచి చిప్‌లోని గ్రాఫిక్సే చూసుకుంటుంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులకు ఆ విద్య ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో గానీ అబ్బలేదు. 40 సిరీస్ కార్డుకి ఎఫ్ చిప్ జత చేస్తే, ఎంత పోసి కొన్నా ఎడిటింగ్ టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంది. ఇంకో తమాషా: వర్క్‌స్టేషన్లలో వచ్చే జియాన్ డబ్ల్యూ-2400 రకం చిప్‌లలోనూ ఈ గ్రాఫిక్స్ ఉండదు!

అలాగని మీ బావగారిది తప్పని కాదు. బ్రాండుకి ఎక్కువ పెట్టేది పెట్టె కోసం కాదు, పాడైతే ఇంటికొచ్చే మనిషి కోసం. అసెంబుల్డ్‌లో బోర్డుకి ఒక సర్వీస్ సెంటర్, ర్యామ్‌కి ఇంకొకటి, తిరగాల్సింది మీరే. మాఘమాసం ముహూర్తాల మధ్య బోర్డు పోతే స్టాండ్‌బై ఇస్తారా అని షాపులో ముందే అడగండి. సీరియల్ నంబర్లతో జీఎస్టీ బిల్లు తీసుకోండి. ప్రాసెసర్ సీల్డ్ బాక్సుదే కావాలనండి. విడిగా వచ్చే ట్రే చిప్‌కి వారంటీ కావాలంటే అమ్మినవాడి దగ్గరికే వెళ్లాలి. ఎస్‌ఎంపీఎస్ (సిస్టంకి కరెంటు అందించే డబ్బా) దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

ఎస్‌ఎంపీఎస్ అంటే గుర్తొచ్చింది. వారంటీ దాటిన నా బ్రాండెడ్ సిస్టంలో అది కాలిపోయింది. బజారు నుంచి కొత్తది తెచ్చి మూత తీస్తే బోర్డు మీది సాకెట్టే వేరు, పిన్నులు పట్టలేదు. సెకండ్ హ్యాండ్ ముక్క కోసం సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో రెండు రోజులు తిరిగాను.

ప్రశ్న: బాలానగర్‌లో చిన్న టూల్ డిజైన్ యూనిట్ నడుపుతున్నాం. సాలిడ్‌వర్క్స్ అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడతాం. మేమూ అసెంబుల్ చేయించుకోవచ్చా?

జవాబు: మీకు బ్రాండెడ్డే నయం. సాలిడ్‌వర్క్స్ వాళ్లు పరీక్షించి ఆమోదించిన కార్డులు, డ్రైవర్ల జాబితా ఒకటుంది. అందులో ఉండేవి ప్రొఫెషనల్ రకాలే. గేమింగ్ కార్డు వేస్తే, మోడల్‌ని నిజం వస్తువులా చూపే రియల్‌వ్యూ బటన్ మసకగా కనిపిస్తుంది, నొక్కితే పలకదు. డ్రాయింగ్ మధ్యలో సాఫ్ట్‌వేర్ మూసుకుపోయిందని సపోర్ట్‌కి ఫోన్ చేస్తే, ముందు కార్డు పేరే అడుగుతారు. డెల్ వర్క్‌స్టేషన్లు, హెచ్‌పీ జెడ్, లెనోవో థింక్‌స్టేషన్‌లలో మీ వెర్షన్‌కి జాబితాలో ఉన్న మోడల్ ఎంచుకోండి. ప్రాసెసర్‌లోని కోర్ల సంఖ్య చూసి మోసపోకండి. పార్ట్ మోడలింగ్ ఎక్కువగా ఒక్క కోర్ వేగం మీదే నడుస్తుంది.