చెక్క నేల, తడి రోబో, చెరిగిపోయిన మ్యాప్

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాం. హాల్లోనూ పడగ్గదుల్లోనూ ఓక్ చెక్క నేల ఉంది. ఊడ్చి తుడిచే రోబో అటు తడిగుడ్డతో పోకుండా యాప్‌లో హద్దులు గీసిపెట్టాం. ఒక అప్‌డేట్ తరువాత మ్యాప్ చెరిగిపోయి, మేము ఆఫీసులో ఉండగా అది ఇల్లంతా తుడిచేసింది. నాలుగైదుసార్లు అలా జరిగాక గమనిస్తే పలకల అంచులు కాస్త పైకి లేచి ఉన్నాయి. హద్దులు చెరిగిపోకుండా ఏదైనా సెట్టింగ్ ఉందా?

జవాబు: ఊరి పేరు మాత్రమే మారుతూ ఇదే ఫిర్యాదు పదేపదే వస్తోంది. మ్యాప్‌ను బ్యాకప్ చేసే వీలు కొన్ని యాప్‌లలో ఉంది, వాడుకోండి; అయితే దాన్ని నమ్ముకుని ఇల్లు వదిలి వెళ్లకండి. తడిగుడ్డ ఊడదీసి, నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి వెళ్లడం ఒక్కటే ఏ అప్‌డేటూ చెరపలేని హద్దు. మా ఇంట్లో ఒకసారి సోఫా కింద ఇరుక్కుని ఛార్జింగ్ అయిపోయిన రోబో, సాయంత్రం దాకా తడిగుడ్డతో అక్కడే కూర్చుని, అరచేతి వెడల్పున తెల్లటి అర్ధచంద్రాకారపు మచ్చను మిగిల్చింది. ఇక్కడ తడి వద్దు అని చెప్పడానికి ఫోనూ, యాప్‌లో ఖాతా, ఎక్కడో ఉన్న సర్వరూ ఎందుకు కావాలో, యంత్రం మీదే ఒక మీట పెట్టడానికి తయారీదారులకు ఏం అడ్డొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం ఆ మ్యాపే. ఏ గది ఎంత ఉందో, మంచం ఎక్కడుందో, ఇల్లు ఏ వేళల్లో ఖాళీగా ఉంటుందో రోబోకూ దాని సర్వరుకూ తెలుసు. కెమెరా, మైకు కూడా ఉంటే చెప్పనే అక్కర్లేదు. పరీక్ష దశలో ఉన్న రోబోలు తీసిన ఇంటి చిత్రాలు, బాత్రూంలో కూర్చున్న ఒక స్త్రీ చిత్రంతో సహా, వాటిలో ఏ వస్తువు ఏదో గుర్తించి రాసే కూలి పనివాళ్ల ద్వారా సోషల్ మీడియాకు చేరాయని 2022లో బయటపడింది. 2024లో అమెరికాలోని పలు నగరాల్లో హ్యాకర్లు ఇలాంటి రోబోలను చేజిక్కించుకుని, వాటి స్పీకర్ల నుంచే ఇంటివాళ్లను బూతులు తిట్టారు. కాబట్టి రోబోను ఇంటి అసలు వైఫైకి కాక, అతిథుల కోసం విడిగా పెట్టే గెస్ట్ వైఫైకే కలపండి, మరెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి, దూరం నుంచి కెమెరా చూసే సదుపాయాన్ని ఆపేయండి. పాతదాన్ని అమ్మేటప్పుడు యంత్రాన్ని రీసెట్ చేస్తే సరిపోదు. యాప్‌లోని ఖాతా నుంచి కూడా మ్యాప్‌ను తొలగించాలి. కొత్తది కొనేవారికైతే కెమెరా లేకుండా లేజరుతో దారి చూసుకునేదే నా సలహా, కాకపోతే అదీ మ్యాపు గీస్తుందని మరువకండి.

ఇక మీ పలకల సంగతి. అంచులు ఇలా లేవడాన్ని ఫ్లోరింగ్ పనివాళ్లు కప్పింగ్ అంటారు. పలక అడుగుభాగం పైభాగం కన్నా ఎక్కువ తేమ పీల్చుకుంటే జరుగుతుంది. తుడిచిన నీళ్లు పలకల సందుల్లోంచి కిందికి దిగి ఉండాలి. వెంటనే సాండింగ్‌కు మనిషిని పిలవకండి. తడి పూర్తిగా ఆరకముందే అంచులను అరగదీస్తే, ఆరిన తరువాత పలకల నడుములు ఉబ్బుగా మిగిలిపోతాయి. ఇంట్లో గాలి తేమను 30 నుంచి 50 శాతం మధ్య ఉంచి, కొన్ని వారాలు పొడి గుడ్డతోనే తుడుస్తూ, అంచులు వాటంతట అవి ఎంత దిగుతాయో చూడండి.